నేను పంపని మెయిల్

నాకు వచ్చిన ప్రతి కాగితాన్నీ, నేను రాసిన ప్రతి ఉత్తరం నకలునూ దాచిపెడతాను. మా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఒక రేకు పెట్టె ఉంది. అందులో కాగితాలతో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఉంది. ఎవరు ఏ రోజు నన్ను ఏమన్నారో, ఎక్కడ నిలబెట్టారో అందులో తేదీలతో రాసుకుంటాను. ఇది మంచి అలవాటు కాదని నా భార్య ఇరవై ఏళ్ళుగా చెబుతోంది. మంచిదో కాదో తెలియదు గానీ, ఒకసారి పనికొచ్చింది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

అలవాటు గిద్దలూరులో మొదలైంది. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. పదకొండేళ్ళూ తాత్కాలికమే. ప్రతి జూన్‌లో కరస్పాండెంటు గదిలోకి పిలిచేవాడు, కూర్చోమనేవాడు కాదు, "ఈ ఏడు కూడా చూద్దాం సార్" అనేవాడు. ఎనిమిదో ఏడు వార్షికోత్సవంలో మాస్టర్లందరికీ శాలువాలు కప్పారు. నా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయన్నారు. వారంలో తెప్పిస్తామన్నారు. ఆ శాలువా నాకు ఇంకా రావాల్సే ఉంది.

ఆ స్కూలు మూతపడ్డాక మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పనికి చేరాను. ఒకప్పుడు అక్కడ బడిపిల్లల పలకలు చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ రాతినే రంగురంగుల టైల్స్‌గా కోసి, గోడలకూ నేలలకూ వేసుకునేందుకు విదేశాలకు పంపుతున్నారు. మా ఊరు రాచర్ల వైపు ఒక పల్లె. మా అమ్మ మార్కాపురం దగ్గర క్వారీలో కూలికి వచ్చి, ఇదే రాతిని నెత్తిన మోసింది. ఆ రాయి గురించి నేను కుర్చీలో కూర్చుని ఉత్తరాలు రాస్తున్నానని ఆమెకు గర్వంగా ఉండేది. నన్ను పనిలో పెట్టుకున్నది పెద్ద ఓనరు. ఆయన నన్ను "సారూ" అనేవాడు. ఆయన పోయాక ఫ్యాక్టరీ కొడుకు చేతికొచ్చింది. కొడుకు నాకంటే పదేళ్ళు చిన్న. అయినా నాయన పెట్టిన పిలుపు మార్చలేదు, అతనూ "సారూ" అనే పిలిచేవాడు. ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఆఫీసంటే ఒకే గది. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, పెద్ద ఓనరు ఫోటో, దాని కింద చెక్క చట్రం వేసిన పెద్ద నల్ల పలక. అది మా ఫ్యాక్టరీలో చివరిసారి చేసిన బడి పలకల నాటిది. అందరికీ తెలియాల్సినవన్నీ ఆ పలక మీదే రాసేవాళ్ళం: ఏ కంటైనరు ఏ రోజు బయలుదేరుతుంది, లారీ నంబరు, ఎవరు సెలవు, కరెంటు ఎప్పుడు పోతుంది. కాగితం అతికిస్తే రెండు రోజుల్లో రాతిదుమ్ము పట్టి అక్షరాలు కనిపించవు. ఫోన్లో మెసేజ్ పెడితే సగంమంది చూడరు. పలకల ఊళ్ళో పలకను నమ్మడం కంటే తేలికైన పని ఏముంది?

మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఆ పలక మీదే ఉండేది. కింద, కుడి మూలన. ఓనరు దాన్ని ఎప్పుడూ మరిచిపోయేవాడు. తప్పుగా కొట్టి కొట్టి మూడుసార్లు మెయిల్ లాక్ చేశాడు. మూడోసారి నాతో, "రాసిపెట్టు సారూ. నువ్వు ఊరికి పోతే నేను యాడ కనుక్కోవాల?" అన్నాడు. బలపంతో రాశాను. వాళ్ళ నాయన పేరు, పక్కన ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. సాయంత్రం పలక తుడిచేటప్పుడు ఆ మూలను మాత్రం వదిలేసేవాళ్ళం. మసకబారినప్పుడల్లా మళ్ళీ దిద్దేవాణ్ణి. నా చేతిరాత బాగుంటుంది. స్కూల్లో బోర్డు మీద నేను రాస్తే వెనక బెంచీ వాళ్ళకు కూడా కనిపించేది.

ఆ ఏడు జనవరిలో ఓనరు ఆఫీసు ఫోటో తీశాడు. ఇంటర్నెట్లో మా ఫ్యాక్టరీ పేజీలో పెట్టడానికి. నేను ఉతికిన చొక్కా వేసుకుని పలక పక్కన నిలబడ్డాను. అతను ఫోన్ ఎత్తి చూసి, చేయి ఊపాడు.

"సారూ, నువ్వు పక్కకు జరుగు. పలక కనపడతా లేదు."

"నేను కూడా ఆఫీసులో మనిషినే గదా అన్నా," అన్నాను. వయసులో నాకంటే చిన్నవాడే అయినా ఓనరును అన్నా అనడం అక్కడి మర్యాద.

"ఆఫీసు మనుషులు యాడైనా ఉంటారు సారూ. మనం పలకల వాళ్ళమని వాళ్ళకు తెలవద్దా? జరుగు జరుగు."

జరిగాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాను.

మెయిల్ సంగతి వేసవిలో జరిగింది. ఒక సోమవారం పొద్దున కంప్యూటరు తెరిస్తే బెల్జియం నుంచి ఉత్తరం ఉంది. అక్కడ మా టైల్స్ కొనే ఒక కంపెనీలో కొనుగోళ్ళు చూసే ఆవిడ రాసింది. ఆరేళ్ళుగా నేనూ ఆవిడా ఉత్తరాలు రాసుకుంటున్నాం. మొహం చూసుకున్నది లేదు. ఎప్పుడు రాసినా ముందు మా ఎండల గురించి అడిగేది. ఆ రోజు పలకరింపే లేదు. శనివారం మీ మెయిల్ నుంచి కొత్త శాంపిల్స్ అని ఒక ఫైల్ వచ్చింది, మా వాళ్ళు తెరిచారు, గోదాములో కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి, సరుకును కాగితాల మీద రాసుకుని పంపాల్సి వస్తోంది, ఏం జరిగిందో తేలేవరకు మీ అడ్రసు నుంచి ఏ మెయిలూ తీసుకోము. ఇంతే.

పంపినవాటి జాబితా చూశాను. నిజమే, శనివారం మధ్యాహ్నం ఒక మెయిల్ వెళ్ళింది. నేను రాసింది కాదు. మొదటి వరుసలోనే తెలిసిపోయింది. ఆరేళ్ళుగా మేడమ్ అని రాస్తున్న మనిషిని అందులో సార్ అని రాశారు.

ఓనరు వచ్చాక చూపించాను. అతను రెండుసార్లు చదివాడు.

"ఏంది సారూ ఇది? ఏం పంపినావు?"

"నేను పంపలా అన్నా. ఆమెను నేను ఎప్పుడూ సార్ అనలా, చూడు."

"ఈ మెయిల్ తెరిచేది మనమిద్దరమే. శనివారం నేను కడపలో పెండ్లిలో ఉండినా. మరి ఎవురు పంపినారు, గోడ పంపిందా?"

"అదే కనుక్కోవాల."

"కనుక్కునేదేముంది? ఏదో నొక్కి ఉంటావు. ఏం నొక్కినావయ్యా?"

ఏం నొక్కినావు సారూ అనలేదు. నేను ఆ ఫ్యాక్టరీలో చేరిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి అయ్యా అన్నాడు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ పిలుపే ఖాయమైంది.

మర్నాడు వెళ్ళేసరికి కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. కొన్నాళ్ళు ప్యాకింగ్ షెడ్డులో చెక్కపెట్టెల మీద నంబర్లు రాయమన్నాడు. షెడ్డులో ఆడవాళ్ళు టైల్స్ మధ్య కాగితం పెట్టి పెట్టెల్లో సర్దుతారు. వాళ్ళలో పెద్దామె మా అమ్మతో క్వారీలో పనిచేసిన మనిషి. నా చేతిలో రంగు డబ్బా చూసి నవ్వింది.

"ఏం నాయనా, కంప్యూటరు దిగి కర్రపెట్టెలకు వచ్చినావా?"

"కొన్నాళ్ళే పెద్దమ్మా."

"మీ అమ్మ కూడా క్వారీకి కొన్నాళ్ళే అని వచ్చింది నాయనా. పద్దెనిమిదేండ్లు మోసింది."

ఆమె ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

వారం చూసి ఓనరు దగ్గరికి వెళ్ళాను. నా మీద అనుమానం ఉంటే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమన్నాను.

"ఏంది? నిన్ను పనిలోంచి తీసేసినామా? జీతం ఆపినామా? మళ్ళ కాగితమెందుకయ్యా?"

"అయితే అనుమానం లేదని రాసియ్యి అన్నా."

"అనుమానం లేదని ఎట్ల రాస్తా? ఉంది గదా."

అది నిజాయితీ గల జవాబే. కానీ ఆ జవాబు ఆఫీసు గదిలో ఆగలేదు. తర్వాతి ఆదివారం మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి, గిద్దలూరులో దిగి, ఆటోలో మా ఊరికి ప్రార్థనకు పోయాం. మందిరం బయట చెప్పులు వేసుకుంటుంటే వరసకు బావమరిది అయ్యే ఒకాయన నలుగురిలో నన్ను పలకరించాడు.

"ఏం బావా, ఫారినోళ్ళ కంప్యూటర్లు కూలగొట్టినావంట గదా?"

నలుగురూ నవ్వారు. అందులో ఇద్దరికి నేను చదువు చెప్పాను.  తిరుగు రైల్లో ఆ మాట నా భార్యే ఎత్తింది.

"నవ్వితే నవ్వనీ. ఏం పోతుంది?"

"పేరు పోతుంది."

"నీ పేరు ఆ రేకు పెట్టెలో భద్రంగా ఉండాదిలే," అంది. తర్వాత కంబం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "మరి పంపలేదని ఎవురు చెప్పాల? అట్ల చెప్పగలిగేటోళ్ళు ఎవురో వాళ్ళనే అడుగు," అంది.

ముందు పోలీసు స్టేషనుకు వెళ్ళాను. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరు కుర్చీ చూపించాడు. అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను, ఎందుకంటే మంచివి కూడా రాస్తాను.

"నష్టం ఎవురికి?" అన్నాడు.

"బెల్జియంలో కంపెనీకి."

"వాళ్ళు మన దగ్గర కంప్లైంటు ఇచ్చినారా?"

"లేదు."

"మీ ఓనరు ఇచ్చినాడా?"

"లేదు."

"మరి నీకు జరిగిందేంది?"

"నన్ను అనుమానించినారు."

అతను పెన్ను కింద పెట్టాడు. "అనుమానించినందుకు సెక్షన్ లేదు పెద్దాయనా," అన్నాడు. నాకప్పుడు యాభై నాలుగు. పెద్దాయనా అన్నది కూడా రాసుకున్నాను. కానీ అతనే, ఇట్లాంటివి చూడడానికి ఢిల్లీలో ఒక ప్రభుత్వ జట్టు ఉందని, ఇంటర్నెట్లో దానికి రాయవచ్చని చెప్పి పంపాడు. నెట్ సెంటరుకు పోయి రాశాను. ఫారంలో ఏ రకం నష్టమో గుర్తు పెట్టమని ఒక జాబితా ఉంది. అందులో పేరు పోవడం లేదు. ఇతరములు అన్నదాని మీద నొక్కాను. అందిందని ఒక నంబరు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. ప్రతి సోమవారం గుర్తుచేస్తూ రాశాను.

బెల్జియం ఆవిడకు కూడా రాశాను. మా ఫ్యాక్టరీ మెయిల్ తీసుకోమంది కదా, అందుకని పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆరేళ్ళలో నేను రాసిన ఉత్తరాలన్నిటిలో మేడమ్ అనే ఉందని, ఈ ఒక్కదానిలోనే సార్ అని ఉందని, చూసి నిర్ణయించుకోమని రాశాను. కింద నా సొంత మెయిల్ ఇచ్చాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. పొడిగానే ఉంది కానీ మొదట నా పేరు ఉంది. తేడాను తానూ గమనించానంది. తమ దేశంలో ఇలాంటి ప్రమాదాలు చూసే జట్టుకు విషయం చెప్పామంది. ఐరోపా దేశాలన్నీ కలిసి కంప్యూటర్ల భద్రత కోసం పెట్టుకున్న ఒక సంస్థ కూడా ఉందని, దేశాల మధ్య సంగతులు వాళ్ళకు బాగా తెలుస్తాయని చివర్లో రాసింది.

ఎవరికైనా ఫిర్యాదు రాసేముందు వాళ్ళెవరో చదివి తెలుసుకుంటాను. నెట్ సెంటరులో రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆ సంస్థ గురించి చదివాను. చదువుతుంటే గిద్దలూరు స్కూలు గుర్తొచ్చింది.

దాన్ని మొదట ఒక గడువుకే పెట్టారు. పెట్టింది గ్రీసు దేశంలో ఒక దీవి మీద. నిర్ణయాలు జరిగే పెద్ద ఊళ్ళ నుంచి అక్కడికి పోవాలంటే సముద్రం దాటాలి. మా తాలూకాలు మొదట కర్నూలు జిల్లాకు చివర ఉండేవి. తర్వాత తీసి ఒంగోలుకు కలిపితే దానికీ చివరే అయ్యాయి. కాబట్టి దీవి మీద కూర్చున్నవాళ్ళ సంగతి నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరినీ ఆదేశించే అధికారం దానికి లేదు. సలహా చెప్పవచ్చు. వేరువేరు దేశాల జట్లను ఒకచోట కూర్చోబెట్టవచ్చు. నిప్పంటుకుంటే ఎట్లా ఆర్పాలో ముందుగా సాధన చేయించినట్టు, కంప్యూటర్లు ఆగిపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో సాధన చేయించవచ్చు. అంతే. ఏ దేశమూ తన ఇంట్లో లోపాన్ని పక్క దేశానికి చెప్పడానికి ఇష్టపడేది కాదు. వాళ్ళ చేత మాట్లాడించడమే దాని పని. గడువు అయిపోయినప్పుడు ఇది అవసరమా అని అడిగారు. కొన్నాళ్ళు పొడిగించారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ పొడిగించారు. అక్కడ పనిచేసేవాళ్ళు ప్రతిసారీ గది బయట ఎట్లా నిలబడి ఉంటారో నేను ఊహించగలను. ఈలోగా కంప్యూటర్ల మీద దాడులు సరిహద్దులు చూసుకోకుండా సాగాయి. ఒక దేశంలో మొదలైంది ఇంకో దేశంలో ఆసుపత్రుల్నీ ఫ్యాక్టరీల్నీ ఆపింది. ఒక్కో దేశం ఒంటరిగా చూసుకోలేదని తేలాక, చట్టం చేసి ఆ సంస్థను శాశ్వతం చేశారు. పని పెంచారు. నాకు పదకొండేళ్ళలో జరగనిది దానికి జరిగింది. కాస్త కుళ్ళుకున్నాను, కాస్త సంతోషించాను కూడా.

ఆ సంస్థకు మూడు పేజీలు రాశాను. అయిదు రోజుల్లో జవాబు వచ్చింది. మర్యాదగా ఉంది. మేము విడి మనుషుల ఫిర్యాదులు విచారించము, మీ దేశం మా సభ్య దేశం కాదు, మీరు మీ దేశపు జట్టును సంప్రదించండి అని సారాంశం. కోపం వచ్చింది. మీరు పుట్టింది దేశాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికే అయితే, రెండు దేశాల మధ్య ఇరుక్కున్న మనిషికి ఎవరితో మాట్లాడాలో కూడా చెప్పరా అని మళ్ళీ రాశాను. ఈసారి వేరే ఎవరో జవాబిచ్చారు. అందులో నాలుగే వాక్యాలు. బెల్జియం కంపెనీ తమ జట్టుకు చెప్పినప్పుడు ఒక కేసు నంబరు వచ్చి ఉంటుంది. అది అడిగి తీసుకోండి. మీ దేశపు జట్టు ఇచ్చిన నంబరును ఆమెకు పంపండి. రెండు చోట్లా రెండు నంబర్లూ రాస్తే అది ఒకే సంగతని వాళ్ళకు తెలుస్తుంది.

నాకొచ్చిన సలహాల్లో అంత పనికొచ్చేది ఇంకొకటి లేదు. ఢిల్లీలో ఒక ఫైలు, బెల్జియంలో ఒక ఫైలు. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. వాళ్ళ మీద కోప్పడుతూ ఇన్ని సోమవారాలు గడిపాను. ఆ ఫైళ్ళను కలపాలని అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పినవాళ్ళు నా ఫిర్యాదు తీసుకోనివాళ్ళు. ఆవిడను నంబరు అడిగాను, ఇచ్చింది. నాది పంపాను. ఇద్దరం రాశాం.

ఆరు వారాలకు ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. నెట్ సెంటరులో ప్రింటు తీయించాను. రెండు పేజీలు. మొదటి పేజీ అక్కడే నిలబడి చదివాను. ఆ శనివారం మా మెయిల్‌ను తెరిచింది మార్కాపురం నుంచి కాదు, మన దేశం నుంచే కాదు. బయటివాళ్ళెవరో చేసిన పని. ఫ్యాక్టరీలో కంప్యూటరు నుంచి ఆ ఫైలు పోలేదు. ఈ ముక్క కోసమే నేను అయిదు నెలలు తిరిగాను.  బెంచీ మీద కూర్చుని రెండో పేజీ చదివాను.

తెరిచినవాళ్ళు పాస్‌వర్డ్‌ను ఊహించి కొట్టలేదు. మొదటిసారే సరిగ్గా కొట్టారు. అంటే వాళ్ళకు ముందే తెలుసు. మీ ఫ్యాక్టరీ పేజీలో ఉన్న ఫోటోలో అది కనిపిస్తోంది, వెంటనే మార్చుకోండి. కింద ఆ ఫోటో ముక్కను పెద్దది చేసి వేశారు. పలక కుడి మూల. గుండ్రటి, నిటారు అక్షరాలు. వెనక బెంచీకి కనిపించే అక్షరాలు బెల్జియం దాటి, ఇంకెక్కడికో కనిపించాయి.

ఆ రెండో పేజీని మడిచి అన్నం క్యారియరు సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. మొదటి పేజీ ఒక్కటి చూపిస్తే చాలు. అందులో నా పేరు తేటపడింది. రెండోది ఎవరూ అడగరు. ఓనరు ఇంగ్లీషు రెండో పేజీ దాకా చదివే మనిషి కాదు. ఈ మాటలన్నీ నాలో నేను అనుకుంటూ మెతుకులు కెలుకుతుంటే, నా భార్య సంచి కడగడానికి తీసి, కాగితం పట్టుకుంది.

"ఇదేంది?"

చెప్పాను.

"రెండూ చూపించు," అంది. "లేదంటే రేపు నీ మీద నువ్వే ఫిర్యాదు రాసుకుంటావు. నాకు తెలవదా నీ సంగతి?"

అప్పుడే జనవరి గుర్తొచ్చింది. రేకు పెట్టె తెరిచి నోటుపుస్తకం తీశాను. తేదీ ఉంది. మాట మాటగా ఉంది. నువ్వు పక్కకు జరుగు, పలక కనపడతా లేదు. ఆ రోజు నేను నిలబడింది పలకకు కుడి పక్కనే. నా భుజం సరిగ్గా ఆ మూలకు అడ్డంగా ఉండింది.

మర్నాడు పొద్దున ఓనరు ముందు మూడూ పెట్టాను: మొదటి పేజీ, రెండో పేజీ, తెరిచిన నోటుపుస్తకం. అతను మొదటిది చదివాడు. రెండోది కూడా చదివాడు, నేననుకున్నట్టు వదిలేయలేదు. ఫోటో ముక్కను దగ్గరికి తీసుకుని, తలెత్తి పలక వంక చూశాడు. ఆ మూలన పాస్‌వర్డ్ అప్పటికీ ఉంది. అయిదు నెలలుగా మేమెవరమూ దాన్ని తుడవలేదు. అదే పాస్‌వర్డ్, అదే చోట.

"రాత నీదే గదా సారూ," అన్నాడు.

"రాయమన్నది నువ్వే గదన్నా."

"రాయమన్నా. ఇంత అందంగా రాయమన్నానా?"

"ఫోటో తీసింది ఎవురు?"

"నేనే."

"నేను అడ్డం ఉంటే జరగమన్నది ఎవురు?" అని నోటుపుస్తకం ముందుకు తోశాను.

చదివాడు. ముందు పేజీలు కూడా తిప్పబోతే పుస్తకం వెనక్కు తీసుకున్నాను. అతను పుస్తకం వదిలి మళ్ళీ ఫోటో ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. బయట కటింగ్ మిషన్ నడుస్తోంది. తర్వాత నవ్వాడు. నా మీద నవ్వాడా, తన మీదనా తెలియలేదు, అందుకని ఆ నవ్వును రాసుకోలేదు.

"నిన్ను అట్లనే నిలబెట్టి ఉంటే సరిపోయేది," అన్నాడు.

"నేనదే అంటున్నా."

"నువ్వా మూలన రాయకుండా ఉన్నా సరిపోయేది."

 రాసేటప్పుడు అది తప్పని నాకు తోచలేదు. పలక మీద ఏం రాసినా చదివేది మనవాళ్ళే అనుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ఈ వైపు అందరం అట్లాగే అనుకుంటాం. బెల్జియం ఆవిడకు ఇదంతా నేనే రాశాను. ఫోటో ఎవరు తీశారో, రాత ఎవరిదో, రెండూ రాశాను. వాళ్ళ గోదాములో సిబ్బందికి పాఠం చెప్పేటప్పుడు ఆ ఫోటో చూపించవచ్చా అని అడిగింది. చూపించుకోండి, చేతిరాత నాదని మాత్రం చెప్పకండి అన్నాను. తర్వాతి ఉత్తరంలో మళ్ళీ మా ఎండల గురించి అడిగింది. అప్పటికి డిసెంబరు.

కాగితాలు చూపించిన ఆ రోజుకు మాత్రం ఇంకా పని మిగిలే ఉంది. పాస్‌వర్డ్ మార్చాం. ఇప్పుడది ఎక్కడా రాసి లేదు. తెరవాలంటే ఓనరు ఫోన్‌కు ఒక నంబరు కూడా వస్తుంది. అతను కంప్యూటరు మీద గుడ్డ తీసి, మడిచి, కిటికీలో పెట్టాడు. కూర్చోమని కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఇంకేంది సారూ?"

"కాగితం."

"ఏం కాగితం?"

"మెయిల్ నేను పంపలేదని. నువ్వు రాసియ్యాల."

"ఢిల్లీ వాళ్ళు రాసినారు గదా?"

"అనింది ఢిల్లీ వాళ్ళు కాదు గదన్నా."

అతను టేబులు మీద వెతికాడు. కాగితం కనబడలేదో, కాగితం మీద రాయడం ఇష్టం లేదో, లేచి గోడ దగ్గరికి పోయాడు. అరచేత్తో ఆ కుడి మూల తుడిచాడు. వాళ్ళ నాయన పేరూ, సంవత్సరమూ తెల్లటి పొడిగా చేతికి అంటుకున్నాయి. బలపం తీసుకుని వంకర అక్షరాలతో రాశాడు: మెయిల్ పంపింది సారు కాదు.

ప్యాకింగ్ షెడ్డు పెద్దామె లారీ నంబరు చూసుకోవడానికి తలుపు దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. "ఏం రాసినారు అబ్బయ్యా?" అని అడిగింది. ఓనరు చదివి వినిపించాడు. "అది మాకు తెలుసులే," అని ఆమె నంబరు చూసుకుని వెళ్ళిపోయింది.

బలపం రాత సాయంత్రానికి పోతుంది. తేదీ లేదు, సంతకం లేదు. ఆ రెండూ వేయమని ఇప్పటికీ అడుగుతున్నాను. ఆ పూటకు ఉన్నదాన్ని దక్కించుకోవాలని నా ఫోన్ తీశాను. తీసేముందు పలకంతా ఒకసారి చదివాను. లారీ నంబరు, సెలవుల పేర్లు, కరెంటు వేళలు. బయటివాళ్ళు చూడకూడనిదేదీ లేదు. ఓనరు బలపం పట్టుకుని పలక ముందే నిలబడి ఉన్నాడు.

"నేను పక్కకు జరగాల్నా సారూ?"

"జరుగు అన్నా," అన్నాను. "పలక కనపడతా లేదు."